తొమ్మిదో నెలలోనే పాప కంట్లోకి చూడండి

2019 అక్టోబరు 10న అనంతపురంలో కంటి వెలుగు పథకం మొదలైంది. తొలి విడత బడిపిల్లలకు. రాష్ట్రమంతటా సుమారు 70 లక్షల మంది పిల్లల కళ్లు చూడాలన్నది లక్ష్యం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రభుత్వాసుపత్రుల్లో కంటి విభాగంలో పనిచేసి రిటైరైన నాకు ఆ రోజు కడుపు నిండినట్టయింది. నల్లబల్ల మీద రాసింది కనబడక, ఆ సంగతి చెప్పడం చేతగాక, మొద్దు అనిపించుకుని వెనకబెంచీలో కూర్చున్న పిల్లలు ఎంతమందో నా దగ్గర అద్దాలు పెట్టించుకుని వెళ్లారు. ఆ మేలు చిన్నది కాదు.

అయితే ఆ పథకంలోనూ, అంతకుముందు మేం పెట్టిన ఎన్నో శిబిరాల్లోనూ ఒక వయసు జారిపోతూ వచ్చింది. ఇంకా బడికి రాని వయసు. రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ సరిగ్గా ఆ వయసులోనే వస్తుంది. రెండు కళ్లకూ వచ్చేదైతే ఏడాది వయసు అటూఇటూగా, ఒక కంటికే వచ్చేదైతే రెండేళ్ల ప్రాంతంలో బయటపడుతుంది. ఐదేళ్లు దాటాక కొత్తగా రావడం చాలా అరుదు. మనం బడికి వెళ్లి పిల్లల్ని వరసలో నిలబెట్టే నాటికి ఈ జబ్బు వచ్చిన పిల్లలు చికిత్స అయిపోయి అయినా ఉంటారు, లేదా ఆ వరసలో ఉండనే ఉండరు.

అందుకే నేను అడిగేది ఒక్కటే. తొమ్మిదో నెలలో తట్టు టీకా వేయించడానికి తీసుకొచ్చిన ప్రతి బిడ్డ కళ్లలోకీ ఆ రోజే ఒకసారి వెలుగు వేసి చూడాలి. అదే రోజు బిడ్డకు విటమిన్ ఎ మందు మొదటి మోతాదు పోస్తారు. ఆ తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి పోస్తూనే ఉంటారు. ఆ మందు పోసేదే కళ్ల కోసం. ఏఎన్ఎం బిడ్డ గడ్డం పట్టుకుని తల పైకెత్తుతుంది, నోట్లో చెంచా పెడుతుంది. బిడ్డ ముఖం ఆమె ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. ఈ క్యాన్సర్ వచ్చే వయసు, ఆ చెంచా మందు పోసే వయసు దాదాపు ఒకటే. ఆ అరనిమిషంలో కళ్లు కూడా చూడమంటున్నాను.

ఎందుకు ఇంత పట్టుగా అడుగుతున్నానో చెప్పాలంటే ధర్మవరంలో ఒక మగ్గాల ఇంటి అవ్వను గురించి చెప్పాలి. కోడలు చంకలో పాపను ఎత్తుకుని పక్కన నిలబడి ఉంది. మాట్లాడింది అవ్వే. "సార్, పాప కన్ను రాత్రిపూట పిల్లి కన్ను మాదిరి మెరుస్తాండాది. పొద్దున జూస్తే ఏమీ ల్యా. ఈళ్లకు చెప్తే నాకే చూపు ల్యాదంటారు" అంది. ఆ ఇంట్లో మగ్గం గుంత దగ్గర ఒకటే బల్బు, అది నేసేవాళ్ల మీదికి వంచి ఉంటుంది. పాప ఉయ్యాల ఉండేది చీకటి మూలన. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది. పక్కనుంచి పడిన వెలుతురు లోపలికంటా వెళ్లి తిరిగొస్తుంది. పగటి వెలుతురులో కంటిపాప చిన్నదైపోతుంది, లోపలి మెరుపు దాక్కుంటుంది. అవ్వ చెప్పింది అక్షరాలా నిజం.

గది తలుపు వేసి, కిటికీకి దుప్పటి కట్టి, పాపను తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, మూరెడు దూరం నుంచి ఆఫ్తాల్మోస్కోపుతో రెండు కళ్లమీదా ఒకేసారి వెలుగు వేశాను. ఆరోగ్యంగా ఉన్న కన్ను లోపలినుంచి ఎర్రగా, మన పిల్లల్లోనైతే కాస్త నారింజ రంగుగా మెరుస్తుంది. అది కంటి లోపలి తెర, రెటీనా వెనకున్న రక్తనాళాల రంగు. పాప కుడికన్ను అలాగే మెరిసింది. ఎడమకన్ను తెల్లగా, సున్నం రాసిన గోడ మీద వెలుతురు పడినట్టు మెరిసింది. రెండు నెలలుగా ఆ కంటికి కాస్త మెల్ల ఉందని తల్లి అప్పుడు చెప్పింది. మెల్లకన్ను అదృష్టమని ఇరుగుపొరుగు అన్నారట. ఒకరు ఆకు పసరు పిండమన్నారు, ఇంకొకరు దిష్టి తీయమన్నారు, పెద్దయ్యాక అదే సర్దుకుంటుందని మరొకరు చెప్పి పంపించారు. ఈ మాటలన్నీ విన్నా పట్టు విడవకుండా ఆసుపత్రి దాకా లాక్కొచ్చింది ఆ అవ్వ. పాపను హైదరాబాద్ పంపించాం. ఒక కన్ను తీసేశారు, మందులు ఎక్కించారు. ఇప్పుడు ఆ అమ్మాయి బడిలో ఉంది.

హిందూపురంలో మరో బిడ్డ. తండ్రి చింతపండు మార్కెట్లో హమాలీ. ఆ బిడ్డకూ మొదట కనిపించింది తెల్ల మెరుపే. మా దగ్గరికి వచ్చేసరికి కన్ను గుంత దాటి బయటికి వచ్చేసింది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఈ రెండు కథలకూ మధ్య తేడా నెలలే. 2020లో జామా ఆంకాలజీ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 153 దేశాలకు చెందిన 4,351 మంది రెటినోబ్లాస్టోమా పిల్లల వివరాలు అందులో ఉన్నాయి. సంపన్న దేశాల్లో జబ్బు గుర్తించే నాటికి బిడ్డ వయసు మధ్యస్థంగా 14 నెలలు. పేద దేశాల్లో 30 నెలలు. సంపన్న దేశాల్లో అప్పటికే క్యాన్సర్ కన్ను దాటి పాకిన పిల్లలు నూటికి ఇద్దరు కూడా లేరు. పేద దేశాల్లో దాదాపు సగం మందికి పాకిపోయింది. క్యాన్సర్ కంట్లోనే ఉండగా పట్టుకుంటే నూటికి తొంభై అయిదు మందికి పైగా పిల్లలు బతుకుతారు. క్యాన్సర్లలో ఇంత బాగా నయమయ్యేవి తక్కువ. ఆ అధ్యయనంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఆ పదహారు నెలల తేడానే. ఆ పదహారు నెలల్లో మన పిల్లలు మూడునాలుగుసార్లయినా ఆరోగ్య కార్యకర్త చేతుల్లోకి వస్తారు. టీకాకు వస్తారు, తూకానికి వస్తారు, విటమిన్ మందుకు వస్తారు.

ఈ జబ్బు ఎందుకొస్తుందో కాస్త వివరంగా చెప్పాలి. సరైన కారణం తెలియకే మన ఊళ్లలో సగం అపోహలు, సగం నిందలు పుడుతున్నాయి.

మన ఒంట్లోని కణాల్లో 13వ క్రోమోజోము మీద ఆర్‌బీ1 అనే జన్యువు ఉంటుంది. తల్లి నుంచి వచ్చింది ఒకటి, తండ్రి నుంచి వచ్చింది ఒకటి, మొత్తం రెండు ప్రతులు. ఆ జన్యువు ఆధారంగా కణం ఒక ప్రొటీన్ తయారుచేసుకుంటుంది. 928 అమైనో ఆమ్లాల గొలుసు అది. కణాన్ని విభజన జోలికి పోకుండా ఆపి ఉంచడం దాని పని. కణం రెండు కావాలంటే ముందు తన డీఎన్ఏకు నకలు తీసుకోవాలి. ఆ పనికి కావలసిన జన్యువుల్ని లేపేవి ఈ2ఎఫ్ అనే ప్రొటీన్లు. ఆర్‌బీ వెళ్లి వాటిని పట్టుకుని కదలనివ్వదు. ధర్మవరం జంక్షన్లో ఇంజను ఎంత సిద్ధంగా ఉన్నా స్టార్టర్ సిగ్నల్ ఎర్రగా ఉన్నంతసేపూ రైలు ప్లాట్‌ఫారం దాటదు. కణానికి ఆ ఎర్ర సిగ్నల్ ఆర్‌బీ. ఎదగాలని కణానికి బయటినుంచి కబురు అందినప్పుడు సైక్లిన్ డీ అనే ప్రొటీన్ సీడీకే4, సీడీకే6 అనే ఎంజైములతో జతకట్టి ఆర్‌బీకి ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. అప్పుడది ఈ2ఎఫ్‌ను వదిలేస్తుంది. నకలు మొదలవుతుంది, కణం రెండవుతుంది. విభజన ముగిశాక ఫాస్ఫేట్లు ఊడిపోతాయి, ఆర్‌బీ మళ్లీ ఈ2ఎఫ్‌ను పట్టుకుంటుంది. పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా మన ఒంట్లో ఈ పట్టు, ఈ విడుపు నడుస్తూనే ఉంటాయి.

ఒక ప్రతి చెడిపోయినా ఇంకోటి ఉంది కాబట్టి పని నడుస్తుంది. రెండూ చెడిపోయిన కణానికి ఆర్‌బీ అనేదే ఉండదు. కంట్లో రంగుల్ని గుర్తించే కోన్ కణాలుగా తయారవబోయే పసికణాలు ఈ ప్రొటీన్ మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటాయి. అది పోతే అవి ఆగకుండా విభజన చెందుతాయి. ఆ పసికణాలు ఉండేది గర్భంలోనూ, పుట్టాక తొలి రోజుల్లోనూ. అందుకే ఈ క్యాన్సర్ పసిపిల్లలకు తప్ప పెద్దవాళ్లకు దాదాపు రాదు.

ఈ లెక్కను మొదట పట్టుకున్నది ఆల్ఫ్రెడ్ నూడ్సన్ అనే డాక్టరు. 1971లో హ్యూస్టన్‌లో ఆయన 48 మంది పిల్లల ఆసుపత్రి వివరాలు ముందేసుకుని కూర్చున్నాడు. కొంతమందికి రెండు కళ్లకూ, చాలా చిన్న వయసులో ఎందుకొస్తోంది? మిగతావాళ్లకు ఒక కంటికే, కాస్త ఆలస్యంగా ఎందుకొస్తోంది? ఆయన చెప్పిన జవాబు ఇది. మొదటి రకం పిల్లల్లో పుట్టుకతోనే ఒక దెబ్బ తగిలి ఉంది, ఇంకొక్క దెబ్బ చాలు. రెండో రకంలో రెండు దెబ్బలూ విడివిడిగా ఒకే కణానికి తగలాలి, దానికి సమయం పడుతుంది. అప్పటికి ఆ జన్యువును ఎవరూ చూడలేదు. దాని పేరూ లేదు. పదిహేనేళ్ల తర్వాత, 1986లో, థడియస్ డ్రైజా అనే కంటి డాక్టరు, స్టీఫెన్ ఫ్రెండ్ అనే పిల్లల డాక్టరు, రాబర్ట్ వైన్‌బర్గ్ కలిసి ఆ జన్యువును వేరుచేసి చూపించారు. క్యాన్సర్‌ను అడ్డుకునే జన్యువుల్లో మనిషి చేతికి చిక్కిన మొట్టమొదటిది అదే. పసిపిల్లల కళ్లలోంచి తీసిన కణితులే దానికి ఆధారం. తర్వాత క్యాన్సర్ శాస్త్రంలో వచ్చిన ఎన్నో సంగతులకు ఆ పిల్లలే గురువులని నేను నమ్ముతాను.

ఇక మన ఊళ్లలో మాటలకు వద్దాం. బిడ్డకు ఈ జబ్బని తెలిసిన క్షణం ఇంట్లో మొదట వినిపించే మాట "మేనరికం గదా, అందుకే". మన సీమలో అక్క కూతుర్ని చేసుకోవడం, మేనమామ కూతుర్ని చేసుకోవడం కొత్త కాదు. వాటివల్ల వచ్చే జబ్బులు నిజంగానే ఉన్నాయి. కొన్ని రకాల పుట్టు చెవుడు, రేచీకటితో మొదలై చూపు తగ్గిపోయే రెటీనా జబ్బులు కొన్ని అలాంటివి. అమ్మానాన్నలిద్దరి నుంచీ చెడిన ప్రతి వస్తేనే అవి వస్తాయి కాబట్టి దగ్గరి చుట్టరికంలో ఎక్కువ కనిపిస్తాయి. రెటినోబ్లాస్టోమా తీరు వేరు. ఇక్కడ పుట్టుకతో ఒక్క ప్రతి చెడి ఉంటే చాలు. దానికి చుట్టరికంతో పనిలేదు. పైగా ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పదికి తొమ్మిది మంది ఇళ్లలో అంతకుముందు ఎవరికీ ఇది లేదు.

రెండో మాట ఇంకా కటువైంది. "నువ్వు కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసినావు", "నీ పుట్టింటి వంశంలో ఏదో ఉండాది" అని కోడల్ని అనడం. ఓపీ వరండాలో, బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లిని నా ఎదుటే అన్నవాళ్లున్నారు. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఇక వంశం సంగతి. పుట్టుకతో కొత్తగా వచ్చే ఆర్‌బీ1 లోపం ఎక్కువగా తండ్రి నుంచి వచ్చిన ప్రతిలోనే ఉంటుందని పరిశోధనల్లో తేలింది. అలాగని తండ్రిని తప్పుపట్టడానికీ లేదు. వీర్యకణాలు జీవితమంతా తయారవుతూ ఉంటాయి, ప్రతిసారీ డీఎన్ఏ నకలు తీయాలి, ఎక్కడో ఒక అక్షరం తప్పుతుంది. దానికి ఎవరూ బాధ్యులు కారు. కోడల్ని నిలబెట్టి నిందించడం మానేస్తే ఆ ఓపికంతా బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి మిగులుతుంది.

మూడోది మాట కాదు, మౌనం. కన్ను తీయాలని డాక్టరు చెప్పగానే కొన్ని కుటుంబాలు చెప్పాపెట్టకుండా ఇంటికి వెళ్లిపోతాయి. ఆడపిల్లయితే ఇంకా ఎక్కువ. "కన్ను లేని పిల్లను ఎవరు జేసుకుంటారు సార్" అని అడిగిన నాన్నలున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. వాళ్లకు నేను చెప్పేది ఇదీ. క్యాన్సర్ ముదిరిన కంటికి అప్పటికే చూపు ఉండదు. దాన్ని ఉంచితే చూపు రాదు, ప్రాణం పోతుంది. తీసిన చోట లోపల ఒక గోళీ పెడతారు, కొన్ని వారాల తర్వాత దాని మీద కృత్రిమ కన్ను అమరుస్తారు. బాగా కుదిరితే పక్కన కూర్చున్నవాళ్లకు కూడా వెంటనే తెలియదు. ఇక జబ్బు చిన్నగా ఉండగా పట్టుకుంటే కన్ను తీయనక్కర్లేదు. లేజర్ ఉంది, గడ్డకట్టించి చంపే చికిత్స ఉంది, విన్‌క్రిస్టిన్, ఎటొపొసైడ్, కార్బొప్లాటిన్ అనే మందులున్నాయి, కంటికి వెళ్లే రక్తనాళంలోకే మందు పంపించే పద్ధతి కూడా వచ్చింది. కన్ను పోతుందని భయపడి ఆలస్యం చేసేవాళ్లు ఆ ఆలస్యంతోనే కన్ను పోగొట్టుకుంటున్నారు.

చికిత్సకు మనం ఎక్కడికో పోవలసిన పనిలేదు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఇవాళ ప్రపంచంలోనే రెటినోబ్లాస్టోమా పిల్లల్ని ఎక్కువమందిని చూసే చోట్లలో ఒకటి. ధర్మవరంలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి కాచిగూడ. హిందూపురం వాళ్లకు బెంగళూరు ఇంకా దగ్గర. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మన ఉమ్మడి అనంతపురం ఒకటి. మన జిల్లాకు ఇలాంటి పనుల్లో ముందుండే అలవాటు ఉంది. కంటి వెలుగూ ఇక్కడే మొదలైంది. పసిపిల్లల కళ్లు చూసే పని కూడా ఇక్కడే మొదలవ్వాలని అడగడానికి నాకు ఆ ధైర్యమే ఆధారం.

"పదిహేను ఇరవై వేల కాన్పులకు ఒక బిడ్డకు వచ్చే జబ్బు కోసం అందర్నీ చూడాలా?" అని ఒక అధికారి నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. శ్రీ సత్యసాయి జిల్లా జనాభా 18 లక్షల పైచిలుకు. ఆ లెక్కన ఏడాదికి మన జిల్లాలో ఈ జబ్బు వచ్చే పిల్లలు ఒకరో ఇద్దరో. కానీ అదే వెలుగులో పుట్టుశుక్లం కూడా పట్టుబడుతుంది. శుక్లంతో పుట్టిన బిడ్డకు మొదటి నెలల్లోనే ఆపరేషన్ చేయకపోతే తర్వాత ఎంత చేసినా చూపు పూర్తిగా రాదు. మెదడు ఆ కంటితో చూడటం నేర్చుకునే వయసు దాటిపోతుంది. మెల్లకన్ను కూడా అక్కడే తెలుస్తుంది, నెలలు నిండక పుట్టిన పిల్లల రెటీనా జబ్బు ముదిరి ఉంటే అదీ అనుమానం వస్తుంది. తెల్ల మెరుపు కనిపించిన ప్రతి బిడ్డకూ క్యాన్సర్ ఉంటుందని కాదు. తెల్ల మెరుపును తేలిగ్గా తీసుకోవడానికి మాత్రం లేదు. ఏదైనా సరే డాక్టరు చూడాల్సిందే.

ఖర్చా? ప్రతి పీహెచ్‌సీకి ఒక ఆఫ్తాల్మోస్కోపు. ఎండకు చార్జింగయ్యే ఆర్క్‌లైట్ లాంటి జేబులో పట్టే పరికరాలు కూడా వచ్చాయి. కరెంటు నిలకడగా లేని ఊళ్లకు అవే మేలు. ఏఎన్ఎంలకు ఒక పూట శిక్షణ చాలు. ఎర్ర మెరుపు ఎలా ఉంటుందో ఇరవై ముప్పై మంది పిల్లల్లో చూస్తే, ఆ తర్వాత ఎర్రగా లేని కన్ను ఎదురుపడినప్పుడు చెయ్యి తనంతట తనే ఆగుతుంది. ఏఎన్ఎం జబ్బు పేరు చెప్పక్కర్లేదు. "రెండు కళ్లూ ఒకేలా మెరవడం లేదు" అని రాసి ఆ వారంలోనే పైకి పంపిస్తే చాలు. పంపిన బిడ్డ వెళ్లిందా లేదా అని ఫోన్ చేసి కనుక్కునే మనిషి ఒకరు ఉండాలి. నా అనుభవంలో చాలామంది పిల్లలు పోయింది ఆ ఒక్క ఫోను లేకపోవడం వల్లే.

తల్లిదండ్రులు కూడా ఒక పని చేయవచ్చు. మన సెల్‌ఫోన్ల నిండా పిల్లల ఫొటోలే. మసక వెలుతురులో ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, ఒకటి తెల్లగా వస్తే ఊరుకోవద్దు. అమెరికాలో బ్రయాన్ షా అనే రసాయన శాస్త్రవేత్త కొడుక్కి ఈ క్యాన్సర్ వచ్చింది. తర్వాత ఆయన పాత ఫొటోలు తిరగేస్తే బిడ్డ పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచే ఆ తెల్ల మెరుపు కనిపించింది. ఫొటోల్లో దాన్ని వెతికే ఒక ఫోన్ యాప్ ఆయన బృందం తయారుచేసింది. కంటి జబ్బులున్న 20 మంది పిల్లల పాత ఫొటోల మీద ప్రయత్నిస్తే 16 మందిలో, డాక్టరు కనుక్కోవడానికి సగటున ఏడాదికి పైగా ముందే, మెరుపు దొరికిందని 2019లో ప్రకటించారు. పక్కకు చూస్తున్నప్పుడు తీసిన ఫొటోలో మంచి కన్ను కూడా ఒక్కోసారి తెల్లగా వస్తుంది, అది నిజమే. అలా అనవసరంగా ఒకసారి ఆసుపత్రికి వెళ్లొస్తే పోయేది ఒక పూట కూలి. అది కూడా మనవాళ్లకు తేలికైన సంగతి కాదని తెలిసే చెబుతున్నాను, వెళ్లండి.

జన్యు పరీక్ష గురించి కూడా అడగాలి. జబ్బు వచ్చిన బిడ్డ రక్తంలో ఆర్‌బీ1 లోపం ఎక్కడుందో ఒకసారి తెలిస్తే, తమ్ముడో చెల్లెలో పుట్టినప్పుడు వాళ్లకు అది ఉందో లేదో పుట్టిన వారంలోనే చూడవచ్చు. లేకపోతే ఆ పసిబిడ్డకు మాటిమాటికీ మత్తిచ్చి కళ్లు చూసే బాధ తప్పుతుంది. ఉంటే మొదటి నెల నుంచే కనిపెట్టి ఉండి, ఆవగింజంత ఉన్నప్పుడే లేజర్‌తో కాల్చేయవచ్చు. ఒక కంటికే వచ్చింది గదా అని ఈ పరీక్ష వదిలేయకూడదు. అలాంటి పిల్లల్లోనూ నూటికి పదిహేను మందికి లోపం ఒళ్లంతా ఉంటుంది. వాళ్లకు పెద్దయ్యాక ఎముక క్యాన్సర్ లాంటివి వచ్చే ప్రమాదం ఎక్కువ. రేడియేషన్ ఆ ప్రమాదాన్ని ఇంకా పెంచుతుంది. కాబట్టి అలాంటి పిల్లలకు అవసరం లేని సీటీ స్కాన్లు తీయకూడదు, వీలైనంతవరకు ఎంఆర్ఐ చేయాలి. ఈ సంగతి బిడ్డ ఫైలు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. వాళ్లు పెరిగి పెళ్లయి పిల్లల్ని కంటే, ఒక్కో బిడ్డకు ఆ లోపం వచ్చే అవకాశం సగానికి సగం. పెళ్లి సంబంధాల దగ్గర దీన్ని దాచే ఇళ్లను చూశాను. దాచినందువల్ల లోపం ఆగదు, కాన్పు రోజున చూడాల్సిన కళ్లు చూడకుండా పోతాయి. ప్రభుత్వ వైద్య పథకంలో ఈ రక్తపరీక్షకు, ఇంట్లోవాళ్లకు విడమరిచి చెప్పే సలహాదారుకు స్పష్టంగా చోటు ఉండాలి.

ఆర్‌బీ గురించి మనం పట్టించుకోవడానికి పిల్లలొక్కరే కారణం కాదని కూడా గుర్తుచేస్తాను. ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ చేసే మొదటి పనుల్లో ఒకటి, ఈ7 అనే తన ప్రొటీన్‌తో ఆర్‌బీని కట్టిపడేయడం. రొమ్ము క్యాన్సర్‌కు 2015లో అమెరికాలో అనుమతి వచ్చిన పాల్బొసైక్లిబ్ సీడీకే4, సీడీకే6లను ఆపి, ఆర్‌బీని మళ్లీ పనిలో నిలబెడుతుంది. ఆర్‌బీ పూర్తిగా పోయిన కణితిలో ఆ మందు పనిచేయదు. తల్లికి హెచ్‌పీవీ పరీక్ష, బిడ్డకు కంటి పరీక్ష, రెండిటి వెనకా ఉన్నది ఒకే ప్రొటీన్.

మన దగ్గర బుధవారం, శనివారం టీకాల రోజులు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు చోట్లా కంటి విభాగాలున్నాయి, పుట్టపర్తిలో 1991 నుంచి డబ్బు తీసుకోకుండా వైద్యం చేస్తున్న సత్యసాయి ఆసుపత్రి ఉంది, ధర్మవరం పక్కనే బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. మనుషులు ఉన్నారు, చోట్లు ఉన్నాయి. కావలసింది తొమ్మిదో నెల కార్డులో, విటమిన్ ఎ గడి పక్కనే, "కళ్లు చూశాం" అనే ఇంకో గడి. అది అచ్చు వేయించడానికి కలెక్టరు గారి ఉత్తర్వు ఒకటి చాలు. సోమవారం పుట్టపర్తిలో అర్జీలు తీసుకుంటారు. పైన రాసిందంతా ఒక పేజీకి కుదించి తీసుకెళ్తున్నాను. శిక్షణకు మనిషి లేడంటే నేనే వస్తాను. రిటైరైన మా కంటి విభాగం వాళ్లు ఈ మూడు ఊళ్లలో ఇంకా కొందరున్నారు, వాళ్లతోనూ మాట్లాడాను, వస్తామన్నారు.